గోదావరి అడుగు నీటికి ఊపిరి: బాసర నుంచి మొగ దాకా

బాసర దగ్గర గోదావరికి ఉప్పు తెలియదు, పోటూ పాటూ తెలియవు. నదీముఖాల్లో ఆక్సిజన్ ఎందుకు తరిగిపోతుందన్న ప్రశ్నను సముద్రానికి ఇంత దూరంలో మొదలుపెట్టడం వింతగా తోచవచ్చు. కానీ ఆ ప్రశ్నలో సగం ఇక్కడి రేవు మెట్ల మీదే కనిపిస్తుంది. శ్రీరాంసాగర్ జలాశయం నిండితే వెనుక జలాలు బాసర దాకా పరుచుకుంటాయి. ఎండాకాలం ప్రాజెక్టు అడుగంటాక అదే చోట ఇసుక మేటల నడుమ పచ్చటి మడుగులు మిగులుతాయి. ఎగువన కందకుర్తిలో మంజీర వచ్చి కలుస్తుంది. సరిహద్దు అవతల బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. నీరు ఎన్నాళ్లు పారాలో, ఎన్నాళ్లు ఆగాలో వానతో పాటు కోర్టు తేదీలు కూడా నిర్ణయిస్తున్న నది ఇది.

నీరు ఆగడం దగ్గరే అసలు విషయం ఉంది. ఆక్సిజన్ తగ్గిందనగానే అందరి వేళ్లూ మురుగు కాలువ వైపే చూపిస్తాయి. మురుగు నిర్దోషి అని నేననను. అయితే అది ఒక్కటే నీటికి ఊపిరాడకుండా చేయలేదు. నీరు పొరలుగా విడిపోవాలి, ఆ పొరలు కొన్నాళ్లపాటు కలవకుండా ఉండాలి, కింది పొరలో సూక్ష్మజీవులకు తిండి ఉండాలి. మూడూ ఒక్కసారి కుదిరితేనే అడుగు నీరు చచ్చుపడుతుంది. సూక్ష్మజీవుల కొరత మాత్రం ఎప్పుడూ ఉండదు. నది నీరైనా సముద్రపు నీరైనా ఒక్క మిల్లీలీటరులో పది లక్షల బ్యాక్టీరియా ఉండడం మామూలే.

లెక్క చూస్తే ఈ ఆక్సిజన్ నిల్వ ఎంత చిన్నదో తెలుస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న మంచినీరు గాలి నుంచి పుచ్చుకుని దాచుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములు. సముద్రపు నీటిలోనైతే ఆరు కన్నా కాస్త ఎక్కువ. చలిదేశపు నది 20 డిగ్రీల దగ్గర తొమ్మిది దాచుకుంటుంది. అంటే మన నీళ్లు చిన్న మూటతోనే బయలుదేరుతాయి. పైగా వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాక్టీరియా శ్వాస వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. లీటరు నీటిలో మూడు మిల్లీగ్రాముల లోపు సేంద్రియ కర్బనం పూర్తిగా కుళ్లితే చాలు, ఉన్న ఆక్సిజనంతా ఖర్చయిపోతుంది. దాన్ని పైనుంచి పూడ్చాలంటే గాలో, ప్రవాహమో, పోటో నీటిని కలియబెట్టాలి. బొత్తిగా కదలని నీటిలో ఆక్సిజన్ తనంతట తాను ఒక్క మీటరు లోతుకు చేరడానికి ఏళ్లు పడుతుంది.

పొరలు ఏర్పడేది రెండు రకాలుగా. జలాశయాల్లో ఎండ వల్ల పై నీరు వేడెక్కి తేలికవుతుంది. నదీముఖాల్లో తేలికైన నది నీరు పైన, బరువైన ఉప్పునీరు కింద సాగుతాయి. ఎండ వల్ల ఏర్పడే తేడాను చలిదేశాల పాఠ్యపుస్తకాలు మనకు సరిగా చెప్పవు. నాలుగు డిగ్రీల నీటికీ అయిదు డిగ్రీల నీటికీ మధ్య ఉన్న బరువు తేడా కన్నా, 29కీ 30కీ మధ్య ఉన్న తేడా ముప్పై రెట్లకు పైగా ఎక్కువ. మన చెరువుల్లో ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా గట్టి పొరను నిలబెట్టగలదు. కానీ ఉప్పు ముందు వేడి చాలదు. లీటరుకు ఒక్క గ్రాము ఉప్పు తేడా రెండున్నర డిగ్రీల వేడి తేడాతో సమానం. నది సముద్రంలో కలిసే మొగలో ఆ రెండు నీళ్ల మధ్య ఉండే తేడా ముప్పై గ్రాములకు పైనే. ఎండ కట్టిన పొర రాత్రి చల్లబడితేనో, ఒక్క గాలివాన వస్తేనో చెదిరిపోవచ్చు. ఉప్పు కట్టిన పొర అంత తేలిగ్గా చెదరదు.

ఇక ఆ కింది పొరలో ఏం జరుగుతుంది? ఆక్సిజన్ అయిపోయినంత మాత్రాన బతుకు ఆగదు. తిన్నదాన్ని కాల్చుకోవడానికి సూక్ష్మజీవులు వేరే దారులు వెతుక్కుంటాయి. ముందు నైట్రేటు, తర్వాత మాంగనీసు, ఇనుప తుప్పులు, ఆ తర్వాత సల్ఫేటు, అన్నీ అయిపోయాక మీథేను తయారీ. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ దక్కే శక్తి తగ్గుతుంది కాబట్టి ఈ వరుస దాదాపు ఎక్కడా తప్పదు. బాసర మడుగుకూ యానాం దగ్గరి గోదావరి పాయ గౌతమికీ తేడా వచ్చేది ఇక్కడే. సముద్రపు నీటిలో లీటరుకు రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేటు ఉంటుంది. నది నీటిలో అది మిల్లీగ్రాముల్లోనే. అందువల్ల ఉప్పునీటి బురదలో సల్ఫేటుతో శ్వాసించే బ్యాక్టీరియాదే రాజ్యం. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడు కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, చేపలకు నేరుగా విషం. మంచినీటి బురదలో సల్ఫేటు మెట్టు త్వరగా దాటిపోయి మీథేను మొదలవుతుంది. ఎండాకాలం చెరువు అడుగున కర్రతో పొడిస్తే లేచే బుడగలు అవే. ఒకచోట విషం, ఒకచోట వాతావరణాన్ని వేడెక్కించే వాయువు. మూలం మాత్రం ఒకటే.

సూక్ష్మజీవుల సంగతి ప్రపంచంలో అన్నిటికన్నా శ్రద్ధగా పరిశీలించిన చోట్లలో అమెరికాలోని చెసాపీక్ అఖాతం ఒకటి. అక్కడ వసంతంలో సస్క్వెహానా నది వరద పోషకాలు మోసుకొస్తుంది. నాచు పెరిగి, చచ్చి, అడుగుకు చేరుతుంది. వేసవిలో పొరలు గట్టిపడి లోతు నీటిలో ఆక్సిజన్ సున్నాకు పడుతుంది. శరత్కాలపు గాలులకు మళ్లీ అంతా కలుస్తుంది. బైరన్ క్రంప్, సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆక్సిజన్ పోగానే పాత బ్యాక్టీరియా తప్పుకుని కొత్తవి రావు. ముందు శ్వాసించే పద్ధతి మారుతుంది, జాతుల కూర్పు మారేది ఆ తర్వాత, ఆ స్థితి చాలాకాలం సాగితేనే. అంటే పొర వారం నిలవడం వేరు, మూడు నెలలు నిలవడం వేరు. డీఎన్‌ఏ చూసి జాతులు లెక్కబెట్టినంత మాత్రాన నీటిలో ఏం జరుగుతోందో తెలిసిపోతుందనుకునేవాళ్లకు ఇదొక హెచ్చరిక.

నెదర్లాండ్స్‌లోని గ్రెవెలింగన్ సరస్సు నుంచి వచ్చిన కథ ఇంకా విచిత్రం. పొడవాటి గొలుసుల్లా పెరిగి, బురదలో సెంటీమీటర్ల దూరం కరెంటును మోసుకుపోయే బ్యాక్టీరియా ఉన్నాయని 2012లో తేలింది. గ్రెవెలింగన్‌లో ఇవి చలికాలంలోనూ వసంతంలోనూ బురద పైపొరలో ఇనుప తుప్పును పోగుచేసిపెడతాయనీ, వేసవిలో ఆక్సిజన్ పోయాక పుట్టే సల్ఫైడును ఆ తుప్పు పట్టి ఆపుతుందనీ 2015లో చూపించారు. అడుగు నీరు ఆక్సిజన్ కోల్పోయినా విషం పైకి రావడం కొన్నాళ్లు వాయిదా పడుతుంది. సూక్ష్మజీవులంటే ఆక్సిజన్ దొంగలు మాత్రమేనన్న మాట తప్పని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఈ చలిదేశపు నమూనాలను తెచ్చి గోదావరికి తొడగబోతే పట్టవు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన శెట్యే, సహచరులు 2009లో ఒక ముఖ్యమైన మాట చెప్పారు: మన నదీముఖాలు వానాకాలపు నదీముఖాలు, వాటిలో ఉప్పు ఎప్పుడూ ఒక స్థిర స్థితిలో ఉండదు. ఏడాది ప్రవాహంలో చాలావరకు నాలుగు నెలల్లోనే వచ్చిపడుతుంది, మిగతా ఎనిమిది నెలలు సముద్రం మెల్లగా లోపలికి పాకుతుంది. ధవళేశ్వరం దిగువన ఇది మరీ స్పష్టం. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట దగ్గరి నుంచి నేటి బ్యారేజీ దాకా, ఎండాకాలపు నీరు కాలువల్లోకి మళ్లుతుంది. గౌతమికి దక్కేది చాలా తక్కువ. ఎర్రనీరు ముంచెత్తినప్పుడు మాత్రం ఉప్పు పూర్తిగా బయటికి నెట్టుకుపోతుంది. అప్పుడు మొగలో పొరలే ఉండవు. చెసాపీక్‌లో వరద ముందు, వేడి తర్వాత. ఇక్కడ రెండూ దాదాపు కలిసి వస్తాయి, వరద పొరలను తానే కొట్టుకుపోతుంది.

మరి వరద నీరు శుభ్రమైనదా అంటే అదీ కాదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖపట్నం కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం గౌతమి నీటిని ఏడాదిలోని అన్ని కాలాల్లోనూ పరిశీలించింది. 2009, 2011లో వచ్చిన వాళ్ల పత్రాలు చెప్పేదేమిటంటే, నది పోటెత్తినప్పుడు బురద వల్ల వెలుతురు అందదు, నాచుజీవులు కర్బనం తయారు చేయలేవు. కానీ నేల మీది నుంచి కొట్టుకొచ్చిన ఆకూ అలమూ మట్టీ బ్యాక్టీరియాకు విందు. వాటి శ్వాస ముందు నాచుజీవుల ఉత్పత్తి వెలవెలబోతుంది. నీటిలో కార్బన్ డయాక్సైడు గాలిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. పులస ఎదురెక్కే రోజుల్లో గోదావరి నీరు ఆవిరి కక్కినట్టు ఈ వాయువును గాలిలోకి వదులుతుందన్నమాట. వరద తీసి బురద పేరుకున్నాక వెలుతురు లోపలికి దిగుతుంది. అప్పటికి నైట్రేటు, ఫాస్ఫేటు ఇంకా మిగిలే ఉంటాయి కనుక నాచుజీవులు ఒక్కసారిగా విజృంభిస్తాయి. 27 భారతీయ నదీముఖాలను చూసిన 2012 నాటి పత్రం కూడా ఈ వానాకాలపు శ్వాసనే ఎత్తి చూపింది.

నా దృష్టిలో ప్రమాదకాలం ఆ తర్వాతే. ప్రవాహం సన్నగిల్లి, ఉప్పు నాలుకలా అడుగున లోపలికి వస్తుంది. పైన ఇంకా తీపినీరు ఉంటుంది. నాచు చచ్చి అడుగుకు దిగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు షరతులూ పక్కపక్కనే కూర్చుంటాయి. అయినా చెసాపీక్ లాంటి నెలల తరబడి మృతమండలం ఇక్కడ ఏర్పడకపోవడానికి కారణం గౌతమి లోతు తక్కువ కావడం, రోజుకు రెండుసార్లు పోటూ పాటూ దాన్ని కలియబెట్టడం. ఈ అదృష్టం లోతుగా తవ్విన రేవు కాలువలకూ, పోటు ఊపు అందని మూల పాయలకూ వర్తించదు.

కోరంగి మడ అడవుల పాయలు మరో రకం. స్టీవెన్ బుయాన్, సహచరులు వానలకు ముందటి రోజుల్లో ఇక్కడ పనిచేసి 2003లో ప్రచురించిన వివరాల ప్రకారం, మడల మధ్య పాయల్లో కార్బన్ డయాక్సైడు ఎక్కువ, పక్కనున్న గౌతమిలో తక్కువ. పాటు దిగినప్పుడు వేళ్ల నడుమ బురదలో ఊరిన నీరు పాయలోకి జారుతుంది. ఆ నీరు ఆక్సిజన్ లేని చోటు నుంచి వచ్చినదే. ఇది కాలుష్యం కాదు, మడ అడవి బతికే తీరే అంత. ఆక్సిజన్ తక్కువ అంకె కనబడిన ప్రతిచోటా ఫ్యాక్టరీని వెతికేవాళ్లు ముందు కోరంగి వెళ్లి రావాలి.

ఆక్సిజన్ గురించి తెలుగు రాష్ట్రాల్లో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు శాస్త్రవేత్తలు కారేమో, భీమవరం, కోనసీమ రొయ్యల రైతులు. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అన్న మాట అక్కడ టీ కొట్టు దగ్గర వినిపిస్తుంది. పగలు పచ్చటి నీటిలో ఆక్సిజన్ పొంగిపొర్లుతుంది, తెల్లవారుజామున అడుగంటుతుంది, మబ్బు పట్టిన రోజుల్లో మరీ ముప్పు. అందుకే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. కలియబెట్టడానికి డబ్బు ఖర్చవుతుందని వాళ్లకు కరెంటు బిల్లు చెబుతుంది.

మళ్లీ బాసరకు వద్దాం. ఇక్కడి మురికి అంతా వెళ్లి మొగను పాడుచేస్తోందన్న వాదన సభల్లో వినిపిస్తుంటుంది. అది నిలవదు. మొగకు చేరే వరదలో పెద్ద వాటా ప్రాణహిత, ఇంద్రావతి, శబరిలది. ఇవన్నీ శ్రీరాంసాగర్‌కు ఎంతో దిగువన కలుస్తాయి. ఎగువ నుంచి వచ్చే ఒండ్రూ, దానికి అంటుకున్న సేంద్రియ పదార్థమూ చాలావరకు శ్రీరాంసాగర్ ఆనకట్ట ఉన్న పోచంపాడు దగ్గరే ఆగిపోతాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు అసలు సామర్థ్యం 112 టీఎంసీలు. పూడిక వల్ల ఇప్పుడు 80.5గా లెక్కిస్తున్నారు. సాగునీటి శాఖకు అది పోయిన నీటి లెక్క. సూక్ష్మజీవుల వైపు నుంచి చూస్తే, పోయిన ఆ చోటంతా ఆక్సిజన్ చొరబడని బురదతో నిండిన చోటు.

ఆ బురద మీది నీరు ఎంత కాలం పొరగా నిలుస్తుందన్నది జలాశయం ఆకారాన్ని బట్టి ఉంటుంది. పడమటి కనుమల్లో తిల్లారి లాంటి లోతైన జలాశయాల్లో వేసవి పొరలు నెలల తరబడి నిలిచి, కింది నీరు ఆక్సిజన్ కోల్పోయి, మీథేను పోగవుతుందని గోవా శాస్త్రవేత్తలు చూపించారు. శ్రీరాంసాగర్ అలాంటిది కాదు. వెడల్పుగా పరుచుకున్న తక్కువ లోతు జలాశయం అది, ఈదురుగాలి తేలిగ్గా కలిపేస్తుంది. కాబట్టి ఇక్కడ నేను భయపడేది ఆనకట్ట దగ్గరి లోతు నీటి కన్నా, తోక దగ్గర తెగిపోయి మిగిలే మడుగుల గురించే. పారకం లేదు, నీడ లేదు, ఎగువ ఊళ్ల మురుగూ, స్నానాలకు వచ్చేవాళ్లు వదిలే పూలూ ఆకులూ దండిగా ఉంటాయి. మార్చి 1న వచ్చే 0.6 టీఎంసీ ఏప్రిల్, మే నెలల మడుగులకు ఎంతవరకు పనికొస్తుందో బాసర రేవుకు వెళ్లినవాళ్లు కళ్లారా చూడవచ్చు.

ఆగిన ఒండ్రు మొగకు మరో రకంగా లోటు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో రాసినదాని ప్రకారం, 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి సముద్రానికి మోసుకెళ్లే మట్టి దాదాపు మూడో వంతుకు పడిపోయింది. వాళ్ల ఆందోళన డెల్టా తీరం కోతకు గురికావడం గురించి. సముద్ర రసాయనవేత్తలకు ఇందులో ఇంకో చిక్కు కనబడుతుంది. బంగాళాఖాతంలో నదులు తెచ్చే మట్టి రేణువులు చచ్చిన నాచుకు బరువుగా అంటుకుని దాన్ని వేగంగా లోతుకు దించుతాయనీ, అందువల్ల నడిమి లోతుల్లో కుళ్లేది తగ్గుతుందనీ ఒక వాదన ఉంది. అదే నిజమైతే మట్టి తగ్గిన కొద్దీ నడిమి పొర మీద ఆక్సిజన్ ఖర్చు భారం పెరగాలి. వాదన పొందికగా ఉంది కానీ నదులు, నాచు, సుడులు అన్నీ ఒకేసారి మారే చోట ఒక్క మట్టినే కారణంగా విడదీసి చూపడం కష్టం. నేను దీన్ని సగం మాత్రమే నమ్ముతాను.

బంగాళాఖాతం మొత్తాన్నీ ఒక పెద్ద నదీముఖంగా చూసినా తప్పు లేదు. గంగా బ్రహ్మపుత్రల నుంచి గోదావరి, కృష్ణల దాకా పోసే తీపినీరు పైన పలుచటి పొరగా పరుచుకుంటుంది. గాలులు దాన్ని చీల్చలేక కింది పోషకాలు పైకి రావు, అందుకే అరేబియా సముద్రం కన్నా ఇక్కడ నాచు తక్కువ. కింద ఆక్సిజన్ మాత్రం దాదాపు లేదు. ఆ 'దాదాపు' చాలా ముఖ్యం. లారా బ్రిస్టో, నఖ్వీ, మరికొందరు 2017లో ప్రచురించిన కొలతల్లో తేలిందేమిటంటే, నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి సముద్రం నుంచి తొలగించే సూక్ష్మజీవులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి, కానీ మామూలు పరికరాలకు అందనంత స్వల్పంగా మిగిలిన ఆక్సిజన్ వాటిని అదుపులో ఉంచుతోంది. పడమటి తీరంలో ఆ హద్దు ఎప్పుడో దాటింది. వానాకాలం చివర్లో గోవా ముందరి తీరజలాల్లో సల్ఫైడూ నైట్రస్ ఆక్సైడూ పోగవడాన్ని నఖ్వీ బృందం 2000లో 'నేచర్' పత్రికలో వివరించింది. అక్కడ కూడా ఎగబాకే చల్లటి నీటి మీద వాననీటి పలుచటి పొరే మూతలా పనిచేస్తోంది.

ప్రపంచ పటం మీద 400కు పైగా తీరప్రాంతాల్లో ఆక్సిజన్ లేమి ఉందని డియాజ్, రోజెన్‌బెర్గ్ 2008లో లెక్కగట్టారు. ఆ పటంలో చుక్కలు యూరప్, అమెరికాల చుట్టూ గుంపులుగా ఉంటాయి. ఎక్కువ కొలిచినచోట ఎక్కువ కనబడడం సహజం. మన దగ్గర కొలతలు లేవని కాదు. బాసరలో కాలుష్య నియంత్రణ మండలి నమూనా కేంద్రం ఉంది. స్నానానికి తగిన నీటిలో ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు, బీఓడీ (సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మించకూడదన్న ప్రమాణమూ ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, పట్టపగలు పైనీటిని ముంచి తీసిన సీసా నాచు పట్టిన మడుగుకు మంచి మార్కులే వేస్తుంది. కొలవాల్సింది అడుగున, తెల్లవారకముందు. బాసరలో ఏప్రిల్, మే నెలల్లో, యానాం దగ్గర వరద తీసిన అక్టోబరు నుంచి. 1888లో హంగేరీకి చెందిన లాయోష్ వింక్లర్ చూపించిన సీసా పద్ధతి ఇందుకు ఇప్పటికీ సరిపోతుంది. బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు రేవు దగ్గరే. ఒక పడవ, లోతు నుంచి నీరు పట్టే ఒక సీసా, రెండు మూడు రసాయనాలు ఉంటే ఒక వేసవికి సరిపడా పని ఉంది.